అయ్యగారి ఇంటికి వారసులెవరు?

పోయిన డిసెంబర్లో నాకో ఫోన్ వచ్చింది. మా నాన్న చాలాకాలం పాస్టరుగా పనిచేసిన ఊరి నుంచి. చర్చికి నూరేళ్ళు నిండుతున్నాయట, సంచిక వేస్తున్నారట. "మీ నాయిన గురించి రెండు పేజీలు రాసియ్యక్కా. బంగళా ముంగట నిలవడ్డ ఫొటో ఉంటె గూడ పంపు, మంచిగుంటది" అన్నాడు ఆ అబ్బాయి. ఫోన్ పెట్టేసే ముందు, మాటవరసకి అన్నట్టు, బంగళా ఇక ఉండదని కూడా చెప్పాడు. రోడ్డు వైపు మడిగెలు కట్టి కిరాయికి ఇస్తారట. ఆ డబ్బుతో చర్చికి కొత్త స్లాబు.

రెండు పేజీలు రాద్దామని కూర్చున్నాను. నాన్న గురించి రాయడం మొదలుపెట్టిన ప్రతిసారీ వాక్యం ఇంట్లోకి నడిచి, ముందు గది దాటి, వెనక వరండాలోకి వెళ్ళి కూర్చుంటోంది. సంచికకి పనికిరాని ఆ రాతే ఇది.

ఆ ఊరు జనగామకీ మహబూబాబాద్‌కీ మధ్య ఉంది. మిషన్ పేరు చెప్పను. చెబితే ఇదొక మిషన్ మీద ఫిర్యాదు అయిపోతుంది, నాకు కావలసింది అది కాదు. ఈ ప్రాంతంలో డోర్నకల్ నుంచి ఆంగ్లికన్లు పనిచేశారు, హనుమకొండ, జనగామ స్టేషన్ల నుంచి అమెరికన్ బాప్టిస్టులు పనిచేశారు, కాథలిక్కులూ ఉన్నారు. ఎవరిదైనా కట్టుబడి దాదాపు ఒకటే. ఎత్తు పునాది, డంగు సున్నం గోడలు, పెంకుల కప్పు, ముందు పొడుగాటి వరండా. ముందు గదిలో అయ్యగారి బల్ల, దాని మీద బాప్తిస్మాలవీ పెళ్ళిళ్ళవీ సమాధులవీ రిజిస్టర్లు. వెనక ఇంకో వరండా, విడిగా వంటిల్లు, చేదబావి. మా ఇంటి ముందు వరండాకి అయిదు మెట్లుండేవి. వెనక వరండాకి ఒకటే, అదీ పగిలింది.

మొదట దాన్ని 'దొరగారి బంగళా' అనేవాళ్ళు. తెల్ల మిషనరీ పోయి మనవాళ్ళు పాస్టర్లయ్యాక 'అయ్యగారిల్లు' అయింది. అందులో ఉండే ఆడమనిషి మొదట 'దొరసాని', తర్వాత 'అమ్మగారు'. జనగామ ప్రాంతంలో పుట్టిన వాళ్ళెవరికైనా దొర అన్న మాట వినగానే ముందు గుర్తొచ్చేది విసునూరు. అక్కడి గడీ గురించీ, ఆ దేశ్‌ముఖ్‌ని ఎదిరించి తన భూమి తను నిలుపుకున్న పాలకుర్తి ఐలమ్మ గురించీ మనకు చాలా తెలుసు. తెలియడానికి కారణం ఉంది. స్త్రీశక్తి సంఘటన వాళ్ళు ఊరూరా తిరిగి, పోరాటంలో పాల్గొన్న ఆడవాళ్ళ చేత మాట్లాడించి, 1986లో 'మనకు తెలియని మన చరిత్ర' తెచ్చారు. తుపాకీ పట్టడం గురించి ఎంత అడిగారో వంటా, పిల్లలూ, దాక్కున్న ఇళ్ళూ గురించి అంత అడిగారు. గడీకి ఎదురు నిలిచిన ఆడవాళ్ళ మాట అచ్చులో మిగిలింది. అదే దారిలో, నాలుగైదు మైళ్ళ అవతల, ఇంకో దొరగారి బంగళాలో ఉన్న ఆడవాళ్ళ మాట మిగిల్చిందెవరు? శతాబ్ది సంచికలు.

ఇలాంటి సంచికలు నా దగ్గర ఏడెనిమిది ఉన్నాయి. ఇది కూడా సాహిత్యమే అని నా వాదన, సాహిత్యంగానే చదవాలని కూడా. మొదట పెద్దల శుభాకాంక్షలు. తర్వాత రిటైరైన హెడ్మాస్టరు ఎవరో రాసిన చరిత్ర. తర్వాత పాస్టర్లందరి ఫొటోలు, పాస్‌పోర్టు సైజులో, వరసగా, పనిచేసిన సంవత్సరాలతో. చివర్న ఎరువుల దుకాణం, టెంట్‌హౌస్ ప్రకటనలు. మధ్యలో ఎక్కడో రెండు గ్రూపు ఫొటోలు ఉంటాయి. సంఘ కమిటీ ఫొటో కింద 'ఎడమ నుండి కుడికి' అని పేర్లన్నీ ఉంటాయి. స్త్రీల సమాజం ఫొటో కింద 'స్త్రీల సమాజ సభ్యురాండ్రు' అని ఉంటుంది. అంతే. ఎడమా లేదు, కుడీ లేదు.

వీటి భాష గురించి ఇంకా ఎక్కువ చెప్పాలి. పాత తెలుగు బైబిలు చదివి పెరిగిన మాకు ఒక క్రియారూపం పాలతో పాటు వచ్చింది. 'చేయబడెను'. ఆలయము నిర్మింపబడెను. పాఠశాల నడుపబడెను. కోతల పండుగనాడు ఆరువందలమందికి భోజనములు పెట్టబడెను. నేనా కోతల పండుగల్లో పెరిగాను. భోజనములు పెట్టబడటానికి ముందురోజు రాత్రంతా మా అమ్మా, ఇంకో ఎనిమిదిమందీ వెనక వరండాలో కూర్చుని ఉల్లిగడ్డలు కోసేవాళ్ళు. తెల్లారేసరికి వాళ్ళ కళ్ళు చూస్తే ఎవరో చచ్చిపోయారనుకునేట్టు ఉండేవి. ఈ కర్మణి ప్రయోగాన్ని మన వ్యావహారిక భాషావాదులు ఎప్పుడో విమర్శించారు, కృతకంగా ఉంటుందని. నాకు దాంతో ఉన్న పేచీ వేరు. చేసినవాళ్ళు ఎవరో చెప్పకుండా పని పూర్తిచేయడానికి ఇంతకంటే అనువైన వాక్యం తెలుగులో లేదు. పాస్టరు ప్రసంగిస్తే 'అయ్యగారు ప్రసంగించిరి' అని కర్త ఉంటాడు. వంట దగ్గరికి వచ్చేసరికే క్రియ తనంతట తాను నడుస్తుంది.

సంచికల్ని పక్కనపెట్టి పెద్ద పుస్తకాలకి వెళితే? ఈ ప్రాంతపు క్రైస్తవ చరిత్రలో అందరికీ తెలిసిన ఇల్లు డోర్నకల్లో ఉంది. ఇప్పుడది మహబూబాబాద్ జిల్లా. తిరునెల్వేలి నుంచి వచ్చిన వేదనాయగం శామ్యూల్ అజరయ్య 1912 డిసెంబర్ 29న కలకత్తాలో బిషప్పుగా అభిషేకం పొందాడు. ఆంగ్లికన్ సంఘంలో భారతీయుడు బిషప్పు కావడం అదే మొదలు. ఆయన సామాజికంగా కింద ఉంచిన నాడార్ కులంలో, పల్లెటూరి పాస్టరు ఇంట్లో పుట్టాడు. మాల మాదిగ పల్లెల్లో పనిచేశాడు. ఆయన 1945 జనవరి 1న చనిపోయేనాటికి ఆ డయాసిస్‌లో క్రైస్తవులు రెండు లక్షలకు పైమాటే. ఆయన కట్టించిన ఎపిఫనీ కతీడ్రల్‌ని 1939 జనవరి 6న ప్రతిష్ఠించారు. గుమ్మటాలూ మినార్లూ గుడిస్తంభాలూ అన్నీ కలిసిన కట్టడం అది. డోర్నకల్ జంక్షన్లో రైలు మారినవాళ్ళు అది చూడకపోతే చూసి రావాలి.

ఆయన మీద రెండు ముఖ్యమైన ఇంగ్లీషు పుస్తకాలు వచ్చాయి. రెండూ ఆడవాళ్ళే రాశారు. ఒకటి కరోల్ గ్రాహం 1946లో రాసిన 'అజరయ్య ఆఫ్ డోర్నకల్'. ఆమె ఆ డయాసిస్‌లో పనిచేసిన మిషనరీ. తర్వాత దక్షిణ ఇండియా సంఘంలో సిస్టర్ల ఆర్డర్‌కి నాయకత్వం వహించింది. రెండోది సుజన్ బిలింగ్టన్ హార్పర్ 2000లో తెచ్చిన 'ఇన్ ది షాడో ఆఫ్ ది మహాత్మా'. గ్రాహం పుస్తకం ఆయన పోయిన మరుసటేడే వచ్చింది, గురువు పోయిన దుఃఖం ఇంకా ఆరకముందే రాసిన పుస్తకం. దాన్ని అలాగే చదవాలి. హార్పర్‌ది పెద్ద పరిశోధన. మతమార్పిడుల మీద గాంధీకీ అజరయ్యకీ 1930లలో వచ్చిన ఘర్షణ ఆ పుస్తకానికి వెన్నెముక. ఆమె ఆడవాళ్ళని మరిచిపోలేదు. మద్రాసు బిషప్పు హెన్రీ వైట్‌హెడ్ భార్య ఇజబెల్, అజరయ్యని బిషప్పు చేయడం వెనక ఎంత ఉందో చూపించింది. అజరయ్య భార్య అన్బు మరియమ్మాళ్‌ని కూడా పట్టించుకుంది. దక్షిణాదిలో కాలేజీ చదువు చదివిన మొదటితరం క్రైస్తవ స్త్రీలలో అన్బు ఒకరు. 1898లో పెళ్ళి. డోర్నకల్ డయాసిస్‌లో తల్లుల సంఘాన్ని నడిపింది ఆమే.

అయినా ఆ పుస్తకం పేరు దగ్గరే నేను ఆగిపోయాను. మహాత్ముడి నీడలో అజరయ్య. సరే. మరి అజరయ్య నీడలో? నీడకి నీడ ఉండదు కాబట్టి కాబోలు అక్కడ ఎవరూ కనిపించరు అనుకుంటాం. అక్కడ ఉన్నది ఒక చదువుకున్న తమిళ స్త్రీ. తనది కాని భాషలో, తనది కాని ఊళ్ళో, నిజాం రాజ్యంలో రైలు కూడలి తప్ప ఏమీ లేని చోట, చదువురాని తెలుగు తల్లులకి సంఘం పెట్టింది. మగవాడి జీవితచరిత్రలో ఇదొక అధ్యాయంలో కొంతభాగం అవుతుంది. ఆడదాని జీవితచరిత్రగా మొదలుపెడితే ఇదే కథ, బిషప్పు అభిషేకం అందులో ఒక అధ్యాయం. ఏ గుమ్మంలోంచి ఇంట్లోకి వెళ్ళామన్నదాన్ని బట్టి ఇల్లు మారిపోతుంది.

ఇంగ్లండులో పాస్టరు ఇంటి వారసత్వం అనగానే అందరూ హావర్త్ పేరు చెబుతారు. పాట్రిక్ బ్రాంటీ 1820లో అక్కడ చర్చి బాధ్యతలకి వచ్చాడు. ఆ ఇంట్లోనే ఆయన కూతుళ్ళు షార్లెట్, ఎమిలీ, ఆన్ నవలలు రాశారు. 1928 నుంచి అది మ్యూజియం. వెళ్ళొచ్చిన మా స్నేహితురాలు అక్కాచెల్లెళ్ళు చుట్టూ కూర్చుని రాసుకున్న బల్ల చూసి ఏడ్చేశానని చెప్పింది. కానీ 1861లో జరిగింది కూడా గుర్తు పెట్టుకోవాలి. పిల్లలందరూ తన కళ్ళముందే పోయాక ఆ ఏడాది పాట్రిక్ పోయాడు. వెంటనే ఇల్లు ఖాళీ. ఇంట్లో సామాన్లు వేలం వేశారు. అప్పటిదాకా ఆయన్ని చూసుకున్న షార్లెట్ భర్త ఐర్లండ్ వెళ్ళిపోయాడు. జేన్ ఆస్టెన్ పుట్టిన స్టీవెంటన్ పాస్టరు ఇంటిని అయితే కూల్చేశారు. తండ్రి 1805లో పోయాక తల్లీ ఆ ఇద్దరు కూతుళ్ళూ కొన్నేళ్ళపాటు ఇళ్ళు మారుతూనే గడిపారు. పాస్టరు ఇల్లు ఎప్పుడూ ఆడవాళ్ళది కాదు. నవల రాసి పేరు తెచ్చుకుంటే చచ్చిపోయిన డెబ్భై ఏళ్ళకి ఆ ఇల్లు వాళ్ళదవుతుంది.

తెలుగులో హెరిటేజ్‌కీ ఆస్తి హక్కుకీ ఒకటే మాట, వారసత్వం. నాకీ మాట ఇష్టం, ఎందుకంటే ఇది దాచుకోనివ్వదు. వారసత్వ కట్టడం అనగానే ఎవరు వారసులు అని అడగాల్సి వస్తుంది. 1986 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు మేరీ రాయ్ కేసులో తీర్పిచ్చింది. తిరువాన్కూరు క్రైస్తవ కూతుళ్ళకి నామమాత్రపు వాటా ఇచ్చే పాత చట్టం చెల్లదు, 1925 నాటి భారత వారసత్వ చట్టమే వర్తిస్తుంది, కొడుకులతో సమానంగా వాటా ఉంటుంది అని. అదే ఏడాది వానాకాలంలో మా నాన్న పోయాడు. సమాన వాటా! దేన్లో? ఇరవై ఏళ్ళు ఉన్న ఇల్లు మాది కాదు. మూడు నెలల్లో ఖాళీ చేయమన్నారు. రెండో నెలలోనే కొత్త అయ్యగారి సామాను లారీ వచ్చి వాకిట్లో ఆగింది. వాళ్ళ తప్పేం లేదు, వాళ్ళకీ ఇంకో చోట అలాగే ఖాళీ చేయించి ఉంటారు. కొత్త అమ్మగారు లారీ దిగి, ఎక్కడ కూర్చోవాలో తెలియక, పసిపిల్లని ఎత్తుకుని వెనక వరండాలోకి వచ్చింది. మా అమ్మ ఆ పిల్లకి పాలు వెచ్చబెట్టి ఇచ్చింది. ఒకే పొయ్యి మీద ఇద్దరు అమ్మగార్లు నాలుగు వారాలు వండారు. ఈ ముచ్చట సంచికలో రాస్తే వేస్తారా?

అమ్మకి జీతం ఎప్పుడూ లేదు. ఆదివారం బడి, ఆడవాళ్ళ ప్రార్థన కూడిక, రాత్రిపూట కాన్పులకి వెళ్ళడం, ప్రతి ఇంట్లో వంటకి ముందు తీసిపెట్టిన పిడికెడు బియ్యాన్ని వారానికోసారి కొలిచి లెక్క రాయడం. ఇవన్నీ 'అయ్యగారి పని'లో భాగం. నాన్న పోయిన రోజే ఆమె పనీ పోయింది. అదేమిటో ఆ పనికి రాజీనామా కూడా ఉండదు.

జీతమున్న ఆడవాళ్ళు వేరే ఉండేవాళ్ళు. కొద్దిపాటి జీతమే అయినా. బైబిల్ ఉమన్ అనేవాళ్ళం. జేమ్స్ ఎలీషా తానేటి 2013లో తెలుగునాట బైబిల్ స్త్రీల మీద ఒక పుస్తకం తెచ్చాడు, వలసకాలంలో వాళ్ళ పనిని కులమూ జెండరూ ఎలా మలిచాయో దాని విషయం. నాకు ఇందులో నచ్చింది చూపు ఎక్కడ పెట్టాడన్నది. మిషనరీ దొరసానుల మీద పుస్తకాలు బోలెడు. సంచీ భుజాన వేసుకుని ఎండలో నడిచి, ఇల్లిల్లూ తిరిగిన తెలుగు ఆడమనిషిని ఉద్యోగినిగా, నాయకురాలిగా చూసిన రచన అరుదు. గోగు శ్యామల సంకలనం చేసిన 'నల్లపొద్దు' 2003లో వచ్చినప్పుడు 1921 నుంచి 2002 దాకా దళిత స్త్రీల రచనలు ఒకచోట చదవగలిగాం. ఈ రెంటినీ పక్కపక్కన పెట్టుకుని చదవమంటాను. బైబిల్ ఉమన్ నేర్పిన అక్షరమ్ముక్కకీ ఆ తర్వాతి తరాల దళిత స్త్రీ కలానికీ మధ్య దారి ఉంది. అది ఈ బంగళాల వెనక వరండాల మీదుగానే పోతుంది.

అందుకని ఆ వరండాని నేను పూజించలేను. ఒప్పుకోవాల్సిన విషయం ఒకటుంది. మేం మాలలం. మా ఊరి సంఘంలో మాదిగ కుటుంబాలూ ఉండేవి. ప్రభువు బల్ల దగ్గర ఒకే గిన్నెలోంచి తాగేవాళ్ళం, అది నిజం. ఆదివారం మధ్యాహ్నం మా ఇంటికొస్తే మాల టీచర్లు ముందు వరండాలో కుర్చీల్లో, మాదిగ ఆడవాళ్ళు వెనక వరండాలో చాప మీద. ఎవరూ చెప్పలేదు, అలా కూర్చునేవాళ్ళు. ముందు గాజుగ్లాసులు, వెనక సత్తుగ్లాసులు. నాకు పదేళ్ళప్పుడు గాజుగ్లాసు వెనక్కి పట్టుకెళితే అమ్మ ఏమీ అనలేదు, నా చేతిలోంచి తీసుకుని లోపల పెట్టేసింది. మిషన్ దొర గడీ దొర కాదని నమ్మి వచ్చిన మనుషులకి మేం మళ్ళీ మెట్లు లెక్కపెట్టి చూపించాం. పితృస్వామ్యం గురించి మాట్లాడేటప్పుడు మా అమ్మ బాధితురాలు. ఆ సత్తుగ్లాసుల దగ్గర కాదు. బంగళాని వారసత్వ కట్టడంగా నిలబెట్టాలని నేనడిగితే ఆ ఆడవాళ్ళ మనవరాళ్ళు "ఎందుకు?" అనొచ్చు. మడిగెల కిరాయి వాళ్ళ సంఘానికి అక్కరకొస్తుంది. నా దగ్గర గట్టి జవాబు లేదు.

మన వైపు వారసత్వం అంటే రాతి గుళ్ళే. 1213 నాటి రామప్పకి 2021లో యునెస్కో గుర్తింపు వచ్చింది. మంచిదే. అప్పటికి రెండేళ్ళ ముందు దాకా అది భూపాలపల్లి జిల్లాలోనే ఉండేది, ఇప్పుడు ములుగు. ఘనపురం కోటగుళ్ళు భూపాలపల్లిలోనే మిగిలాయి. రామప్పలో మదనికల ముందు నిలబడి ఫొటోలు దిగుతాం. రాతి ఆడవాళ్ళకి ఒక్కొక్కరికీ ఒక్కో భంగిమ, ఒక్కో వర్ణన. పెంకుల ఇళ్ళని, అవి నూరేళ్ళవైనా, ఎవరూ లెక్కలోకి తీసుకోరు.

మార్పు లేదనను. ఒకప్పుడు డోర్నకల్ డయాసిస్‌లో భాగంగా ఉన్న నంద్యాలలో 2013లో పుష్పలలిత బిషప్పయింది. దక్షిణ ఇండియా సంఘంలో ఆడమనిషి బిషప్పు కావడం అదే మొదటిసారి. ఆడ పాస్టర్లూ వచ్చారు. నాకు తెలిసిన ఒకామెని సంఘం 'అయ్యగారు' అనలేక, అమ్మగారు అంటే పాస్టరు భార్య అన్న అర్థం వదలక, చాలాకాలం ఇబ్బంది పడింది. ఇక ఆమె భర్తని ఏమని పిలవాలో ఇప్పటికీ తేలలేదు. ఆయన మాత్రం కోతల పండుగకి ఉల్లిగడ్డలు కోయడట.

జనవరిలో వెళ్ళాను. తలుపులకి తాళం. పక్కన మేకలు కాస్తున్న ఒక ముసలామె నన్ను చూసి దగ్గరికొచ్చింది. కాసేపటికి గుర్తుపట్టింది. "నువ్వు అమ్మగారి చిన్న బిడ్డవు గాదా? అమ్మగారు ఉన్నదా?" నాన్న ఊసెత్తలేదు. ఉందవ్వా, అన్నాను. "నా పెద్దకొడుకును ఆమె చేతుల్లనే కన్న. బొడ్డుకోసి, ఆమె చీరె కొంగు చింపి చుట్టింది" అంది. ఆ కాన్పు ఏ రిజిస్టర్లో ఉంటుంది? పిల్లాడి బాప్తిస్మం రాసి ఉంటుంది, నాన్న చేతిరాతలో, నాన్న సంతకంతో. నేను ఫోన్లో ఆమె మాటలు రికార్డు చేస్తానంటే నవ్వి, మేకల్ని అదిలించి, వెనక వరండాలోకి నడిచి, చాప లేకుండానే కింద కూర్చుంది. నేనూ కూర్చున్నాను. గంటన్నర మాట్లాడింది. సత్తుగ్లాసుల సంగతి నేను అడగలేదు, తనే చెప్పింది.

సంచిక అబ్బాయికి రెండు పేజీలు పంపాను. నాన్న గురించి ఒకటి. రెండోది ఆ అవ్వ చెప్పింది, ఆమె భాషలోనే, గ్లాసులతో సహా. స్త్రీల సమాజం పాత ఫొటో ఒకటి నా దగ్గరుంటే, అమ్మనడిగి, ఎడమ నుండి కుడికి పద్నాలుగు పేర్లు రాసి జతచేశాను. రెండు మొహాలు అమ్మకి గుర్తు రాలేదు. "రెండో పేజీ కమిటీల పెట్టాలె అక్కా" అన్నాడు. పెట్టమన్నాను.

అమ్మ ఇప్పుడు భూపాలపల్లిలో మా అక్క దగ్గర ఉంటోంది. బావ సింగరేణిలో. డోర్నకల్ రైలు కూడలి అయిందే ఇల్లెందు బొగ్గు కోసం, ఆ బొగ్గే వెతుక్కుంటూ పోయి పోయి ఇటు భూపాలపల్లి దాకా వచ్చింది. వాళ్ళదీ క్వార్టరే, బావ రిటైరయ్యాక ఖాళీ చేయాలి. కాకపోతే అక్కడ పీఎఫ్, గ్రాట్యుటీ అని కొన్ని కాగితాలుంటాయి, నామినీగా అక్క పేరుంటుంది. ఫోన్లో బంగళా ఫొటోలు చూపించాను. ముందు వరండా, మెట్లు, నాన్న గది కిటికీ. త్వరగా జరిపేసింది. వెనక వైపు ఫొటో రాగానే కళ్ళద్దాలు తెమ్మంది. వేళ్ళతో సాగదీసి పెద్దది చేసి బావి పక్కన చాలాసేపు చూసింది.

"కరేపాకు చెట్టు కొట్టేసినరు" అంది. "ఎవరు కొట్టేసినరో అడిగినవా?"